కొని తెచ్చుకున్న పాఠకుడు



చాలా నెలల తరువాత మళ్ళీ ఈ గడప తొక్కుతున్నాను. ఆలస్యానికి ఆరోగ్యం కొంత కారణం, సిగ్గు మరికొంత కారణం. ఆరోగ్యం సంగతి అలా ఉంచి, ఆ సిగ్గు సంగతే ఈ టపాలో రాస్తున్నాను. ఏ ఛందస్సు గురించో, ప్రబంధాల గురించో రాసి ఉంటాడని వచ్చినవారు మన్నించాలి. ఈసారి విషయం వ్యాపారం. అయితే ఆ వ్యాపారంలో సరుకు మాటే కనుక, తెలుగు పండితుడు అందులో తలదూర్చడం మరీ అనుచితం కాదనుకుంటాను.

గత ఏడాది వేసవిలో నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం చేస్తున్నాడు. బళ్ళో ఉన్న రోజుల్లో వాడికి సంధులు తప్పేవి గాని లెక్కలు తప్పేవి కావు. కాఫీ తాగుతూ, "మాస్టారూ, మీరు పదిహేనేళ్ళకు పైగా రాస్తున్నారు. ఒక్క రూపాయి కళ్ళజూశారా?" అన్నాడు. లేదన్నాను. "మీ దగ్గర మంచి తెలుగుంది. నా దగ్గర కిటుకుంది. రెండూ కలిపితే నెలకింత అని వస్తుంది" అన్నాడు. పింఛను మీద బతికేవాడికి 'నెలకింత' అన్న మాట ఇంపుగానే వినబడుతుంది.

వాడు చెప్పిన వ్యాపారం స్థూలంగా ఇది. అంతర్జాలంలో సరుకులమ్మే సంస్థలు, కొనేవాణ్ణి తమ దగ్గరకు పంపినవారికి అమ్మకం మీద కొంత శాతం కమీషను ఇస్తాయి. దీనిని అఫిలియేట్ పద్ధతి అంటారు. అమెజాన్ 1996లోనే పుస్తకాల అమ్మకానికి దీనిని మొదలుపెట్టింది. మనకంటూ ఒక ప్రత్యేకమైన లంకె ఇస్తారు. ఆ లంకె నొక్కి వెళ్ళినవాడి బ్రౌజరులో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. దాని గడువు తీరేలోగా అతడు కొంటే కమీషను మనది. ఇంతవరకు ఇది పాత దళారీతనమే. మరి కొనేవాణ్ణి ఎక్కణ్ణించి తేవాలి? శోధనయంత్రంలో ఎవరైనా ఏదైనా వెతికినప్పుడు ఫలితాలకు పైన ప్రకటనలు కనిపిస్తాయి గదా, ఆ చోటును మనం డబ్బిచ్చి కొనాలి. నొక్కు ఒక్కింటికి ఇంత అని శోధనయంత్రానికి చెల్లించి పాఠకుణ్ణి తెచ్చుకోవాలి. అతణ్ణి అమ్మకందారు దగ్గరకు పంపి కమీషను పుచ్చుకోవాలి. ఈ రెంటికీ నడుమ మిగిలినదే లాభం. సరుకు అక్కరలేదు, గిడ్డంగి అక్కరలేదు, అంగడి అక్కరలేదు.

ఆ చోటు అమ్మకం వేలంలో జరుగుతుంది. శోధన ఫలితాల్లో స్థానాన్ని మాటవారీగా వేలం వేసే పద్ధతిని బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ డాట్ కామ్ 1998లో ప్రచారంలోకి తెచ్చింది. అదే ఏడాది గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పరిశోధన పత్రంలో, ప్రకటనల రాబడి మీద నడిచే శోధనయంత్రం సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని హెచ్చరించారు. 2000లో వారే యాడ్‌వర్డ్స్ ప్రారంభించారు. 2002లో నొక్కుకు ధరకట్టే వేలాన్ని చేపట్టారు. 2018లో దాని పేరు గూగుల్ యాడ్స్ అయింది. ఆ ఏడాదే గూగుల్ ప్రకటనల వ్యవస్థలోకి తెలుగు వచ్చి చేరింది.

ఊరి చెరువులో చేపల వేలం చూశాను. తిరునాళ్ళలో కొట్ల వేలం చూశాను. మాటలకు పాట పెట్టడం మాత్రం ఈ వయసులోనే చూశాను. ఈ పాటలో ఎక్కువ పాడినవాడికే చోటు దక్కుతుందన్న నియమం లేదు. ప్రకటన ఆ ప్రశ్నకు ఎంతవరకు సంబంధించినది, దానిని ఎందరు నొక్కే అవకాశముంది, నొక్కి చేరిన పుట ఎలా ఉంది, ఇవన్నీ తూచి వరుస నిర్ణయిస్తారు. వెతికినవాడు తన మాట టైపు చేసి, ఫలితం కంటబడే లోపల ఈ వేలమంతా ముగిసిపోతుంది.

నిజం చెప్పవద్దూ, మొదట నాకిది విద్యగానే కనబడి ముచ్చటేసింది. ఏ మాటకు మన ప్రకటన పలకాలో నిర్ణయించడానికి మూడు పద్ధతులున్నాయి. ఎక్సాక్ట్ మ్యాచ్ అంటే వెతికినవాడి మాటకూ మన మాటకూ అర్థం ఒకటే కావాలి. ఫ్రేజ్ మ్యాచ్ అంటే మన మాట అర్థం అతడి మాటలో ఇమిడి ఉండాలి. బ్రాడ్ మ్యాచ్ అంటే ఆ మాట చెప్పకపోయినా దాని స్ఫురణ ఉంటే చాలు. ఇది విని, "ఒరేయ్, ఇవి అభిధా లక్షణా వ్యంజనలు కదరా!" అన్నాను. వాడు నవ్వి, "బ్రాడ్ మ్యాచ్ జోలికి పోకండి మాస్టారూ, డబ్బంతా తినేస్తుంది" అన్నాడు. వ్యంగ్యం ఖరీదైనదని మన ఆలంకారికులు చెప్పనే చెప్పారు గాని, ఇంత స్పష్టంగా చెప్పలేదు.

మరొకటి. ఏయే మాటలు వెతికినవారికి మన ప్రకటన కనబడకూడదో కూడా ముందుగానే చెప్పవచ్చు. వాటిని నెగటివ్ కీవర్డులంటారు. నా శిష్యుడు ఆ జాబితాలో మొట్టమొదట చేర్చిన మాట 'ఉచితం'. ఊరికే వచ్చేదాన్ని వెతుక్కునేవాడు కొనడు గనుక వాడి నొక్కుకు డబ్బు దండగ. సంస్కృతంలో ఉచితమంటే తగినది, న్యాయమైనది అని అర్థం. ఆనాడు నవ్వుకుని ఊరుకున్నాను. మొదటి రోజునే ఉచితాన్ని వెళ్ళగొట్టి కూర్చున్నామన్న సంగతి తరువాత గాని తలకెక్కలేదు.

సరుకును కూడా వాడే ఎంచాడు. చెవిలో పెట్టుకుంటే శబ్దాన్ని పెంచే చిన్న యంత్రం. వాడుకలో అందరూ చెవి మిషన్ అనేదే. ధర 2,500 రూపాయలు. కమీషను నూటికి ఎనిమిది, అంటే 200 రూపాయలు. ప్రకటన మీద నొక్కుకు సుమారు 5 రూపాయలు. నలభై మంది నొక్కితే ఒక్కడైనా కొంటేనే పెట్టుబడి తిరిగి వస్తుంది. అంతకు మించితే లాభం, తగ్గితే నష్టం. ఐదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క.

నేను చేయవలసినది ఒక పుట రాయడం. రాశాను. వృద్ధాప్యంలో వినికిడి తగ్గితే మనిషి ఇంట్లో ఉండి కూడా ఒంటరి ఎలా అవుతాడో రాశాను. భోజనాల దగ్గర అందరూ నవ్వుతుంటే అర్థం కాకపోయినా తానూ నవ్వే పెద్దమనిషి గురించి రాశాను. అవి నేను చూసినవే, నిజాలే. వాటి కింద నాలుగు యంత్రాల పోలిక, వాటికి నక్షత్రాలు, కొనుగోలు లంకె. నక్షత్రాలు శిష్యుడు వేశాడు. ఆ యంత్రాన్ని నేను వాడినట్టు ఎక్కడా రాయలేదు. కాని వాడనట్టూ రాయలేదు. పుట అట్టడుగున, సన్నని అక్షరాలలో, ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఈ లంకెల వల్ల మాకు కమీషను రావచ్చునని దాని భావం.

రోజుకు 200 రూపాయల చొప్పున ముప్పై రోజులు ప్రకటన నడిపాము. ఖర్చు 6,000. నొక్కులు 1,200. అమ్ముడుపోయిన యంత్రాలు 38. రావలసిన కమీషను 7,600. వాటిలో ఏడు వాపసు పోయాయి. వాపసు పోయినవాటికి కమీషను ఉండదు గనుక 1,400 కోసి, 6,200 లెక్క తేల్చారు. నికర లాభం 200 రూపాయలు. శిష్యుడు నిరుత్సాహపడలేదు. "మొదటి నెలలో నష్టం రాకపోవడమే గొప్ప మాస్టారూ. ఇక పుటకు మెరుగులు దిద్దుదాం" అన్నాడు.

రెండో నెల మొదట్లో ఒక సాయంత్రం ఫోను మోగింది. మా బళ్ళో హిందీ పండితులుగా పనిచేసి నాకన్నా ఆరేళ్ళ ముందు రిటైరైన మిత్రులు. గట్టిగా మాట్లాడితే ఫోనులో వినగలరు. "మాస్టారూ, మీరు రాసింది మావాడు చదివి వినిపించాడండీ. మీరు రాశారు గదా అని ఆ మిషన్ తెప్పించుకున్నాను. ఫ్యాను చప్పుడు, వీధిలో స్కూటరు చప్పుడు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి. మనవరాలి మాట మాత్రం అర్థం కావడం లేదు. నేనే సరిగా పెట్టుకోవడం లేదేమో. మీరెలా పెట్టుకుంటున్నారండీ?" అని అడిగారు.

ముప్పై అయిదేళ్ళు తరగతిలో నిలబడి ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఆ యంత్రాన్ని నేను చేత్తో ముట్టుకున్నవాణ్ణి కూడా కాను. ఆ మాట ఆయనకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. వాపసు గడువు ఎప్పుడో దాటింది. యంత్రం మీద అనుమానం రాక ఆయన దాన్ని అట్టే పెట్టుకున్నారు. అనుమానం తన చెవుల మీద పెట్టుకున్నారు. నా మీద మాత్రం పెట్టుకోలేదు.

గుంటూరు తీసుకువెళ్ళి చెవి డాక్టరుకు చూపించాము. పరీక్ష చేసి, ఏ స్థాయి ధ్వనులు ఎంతమేరకు వినబడడం లేదో గీత గీసి చూపించారు. అసలైన వినికిడి యంత్రాన్ని ఆ గీతను బట్టి, ఆ మనిషికి, ఆ చెవికి అమర్చాలట. అన్ని చప్పుళ్ళనూ ఒకే తీరుగా పెంచే పరికరం ఆ పని చేయదట. ఇది తెలుసుకోవడానికి నాకు గుంటూరు దాకా పోవలసిన పని లేదు. రాయడానికి ముందు ఒక పూట చదువుకున్నా తెలిసేది. చదవలేదు. నలభై నొక్కులకొక అమ్మకం అన్న లెక్క మాత్రం రోజుకు మూడుసార్లు చూసుకున్నాను.

తిరిగి వచ్చి పుట మార్చాను. శిష్యుడు వద్దన్నా వినలేదు. మొదటి వాక్యంగా ఇలా పెట్టాను: మీరు దీన్ని కొంటే నాకు 200 రూపాయలు వస్తాయి, ఈ యంత్రం నేను వాడలేదు, ముందు చెవి డాక్టరుకు చూపించుకోండి. ప్రకటన ఒక వారం అలాగే నడిచింది. నొక్కులు 280. ఖర్చు 1,400. అమ్మకాలు మూడు. కమీషను 600. ఎనిమిది వందలు నష్టం. ఎనిమిదో రోజున ప్రకటన ఆపేశాను.

మిత్రులారా, ఈ టపా రాయడం నా చేతికి చమురంటిందని చెప్పుకోవడానికి కాదు. ఆ వారం నాకు ఒక సంగతి తెలిసింది, అది చెప్పడానికి. దళారీతనం పాపం కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు ఉంటాడు. అతడు ఏజెంటని రైతుకూ తెలుసు, కొనేవాడికీ తెలుసు. పెళ్ళిళ్ళ పేరయ్య గొడుగు పట్టుకుని గుమ్మంలోకి వస్తూనే ఎందుకొచ్చాడో ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే అతడి మాటలో సగం తీసేసి వింటారు. తప్పు కమీషనులో లేదు. పాఠకుణ్ణి డబ్బిచ్చి కొని తేవడంలో ఉంది మెలిక.

తనంత తానుగా వచ్చి చదివే పాఠకుడికి మనం పెట్టిన ఖర్చు ఏమీ లేదు. 'ఇది కొనవద్దు' అని అతడికి నిశ్చింతగా చెప్పగలం. చదివి, కొనకుండా వెళ్ళిపోతే మనకు పోయేదేమీ లేదు. అయిదు రూపాయలు పెట్టి కొని తెచ్చుకున్న పాఠకుడు అలా వెళ్ళిపోతే ఆ అయిదు రూపాయలూ పోయినట్టే. అతణ్ణి అమ్మి తీరాలి. అప్పుడు మన పుటలోని ప్రతి సందేహవాక్యమూ, ప్రతి 'అయితే'యూ, ప్రతి 'కాని'యూ ఖర్చు కింద లెక్కకు వస్తాయి. నిజం చెప్పడానికి నాకు వారానికి ఎనిమిది వందలు అయింది. పింఛనుదారు ఒక వారం భరించగలడు. అదే వృత్తిగా పెట్టుకున్నవాడు ఎన్ని వారాలు భరించగలడు? చెడ్డవాళ్ళు ఈ వ్యాపారంలోకి వస్తున్నారని నేననడం లేదు. మంచివాడు వచ్చినా ఆ లెక్క అతడి వాక్యాలను ఒక్కొక్కటిగా కోసివేస్తుంది. నావి కోసింది కనుకనే చెబుతున్నాను.

నా శిష్యుడు దీనికి ఊరుకోలేదు. "మాస్టారూ, తొమ్మిదో తరగతిలో మీరు మాకు ఫలానా గైడు కొనుక్కోమన్నారు. ఆ కంపెనీవాళ్ళు మీకు గోడగడియారం ఇవ్వలేదా?" అని అడిగాడు. ఇచ్చారు. అది ఇవాళ్టికీ మా వరండాలో ఆడుతూనే ఉంది. పిల్లలకు ఆ మాట నేను చెప్పలేదు. అది తప్పే, ఒప్పుకున్నాను. అయితే ఆ గైడు నేను ఆమూలాగ్రం చదివాను. అందులో తప్పులుంటే మర్నాడు అదే తరగతిలో నలభై మంది పిల్లల మొహాలు చూడవలసినవాణ్ణి. ఈ 1,200 మందిలో నేను చూసింది ఒక్కరి మొహమే. అదీ ఆయన ఫోను చేశారు గనుక.

వాడి పక్షాన ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ వ్యాపారంలో నిజమైన సేవ ఉండే తావు లేకపోలేదు. నాలుగు యంత్రాలను స్వయంగా తెప్పించి, పరీక్షించి, లోపాలతో సహా పోల్చి రాసి, ఆ పుటను నలుగురి దృష్టికి తేవడానికి ప్రకటన కొనేవాడుంటే అతణ్ణి నేను తప్పుపట్టను. కాని పరీక్షకు ఖర్చుంది, కాలం పడుతుంది. నక్షత్రాలు వేయడానికి రెండూ అక్కరలేదు. ఇద్దరూ ఒకే మాటకు పాట పాడుతున్నప్పుడు ఖర్చు తక్కువైనవాడు ఎక్కువ పాడగలడు. వేలంలో గెలుపు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

ఇంకొక పద్ధతి ఉంది. అది మరీ విచిత్రం. ఒక దుకాణం పేరునే వేలంలో కొనడం. ఆ పేరు వెతుకుతున్నవాడు ఎలాగూ ఆ దుకాణానికే పోతున్నాడు. దారికి అడ్డంగా నిలబడి, చేయిపట్టుకుని నాలుగడుగులు నడిపించి, 'నేనే తెచ్చాను' అని దుకాణదారు దగ్గర కమీషను అడగడం. అమెజాన్ 2009 మే నుండి అమెరికా, కెనడాలలో, శోధన ప్రకటనల ద్వారా నేరుగా తమ దుకాణానికి పంపేవారికి కమీషను ఆపేసింది. 2012లో ఈబే ఒక పరీక్ష చేసింది. రెండు శోధనయంత్రాలలో తన సొంత పేరు మీద ప్రకటనలు నిలిపివేసి చూసింది. ప్రకటన నొక్కి వచ్చేవారిలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ప్రకటన లేకపోయినా మామూలు ఫలితాల ద్వారా అలాగే వచ్చారు. బ్లేక్, నాస్కో, టడేలిస్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2015లో ఈ వివరాలు ప్రచురించారు. వచ్చేవాణ్ణే తెచ్చినందుకు ఎంత సొమ్ము చేతులు మారుతోందో దీనిని బట్టి ఊహించుకోవచ్చు. మనదేశంలో కూడా మరొకరి ట్రేడ్‌మార్కును కీవర్డుగా కొనడం మీద వ్యాజ్యం నడిచింది. అది దానంతట అదే తప్పు కాదని, అయితే దానివల్ల కొనేవాడు భ్రమపడితే గూగుల్ కూడా తనకు సంబంధం లేదనడానికి వీల్లేదని 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

ఇందులో మనబోటివారికి తగిలే దెబ్బ కూడా ఉంది. కమీషను సాధారణంగా చివరి నొక్కు ఎవరిదైతే వారికే దక్కుతుంది. ఎవరో ఒక తెలుగు మిత్రుడు ఓపికగా, కష్టపడి ఒక వస్తువు గురించి గాని పుస్తకం గురించి గాని వివరంగా రాస్తాడు. పాఠకుడు దాన్ని చదివి కొనాలని నిశ్చయించుకుంటాడు. కొనేముందు మరోసారి వెతుకుతాడు. అప్పుడు కంటబడిన ప్రకటన నొక్కుతాడు. ఆలోచన పుట్టించినవాడికి సున్న. గుమ్మం దగ్గర నిలబడినవాడికి సొమ్ము.

చట్టం బొత్తిగా నిద్రపోవడం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి. ఒక వస్తువును మెచ్చుకునేవాడికి అమ్మేవాడితో ఆర్థిక సంబంధముంటే ఆ సంగతి చెప్పి తీరాలని వాటి సారాంశం. ప్రకటన ఏ భాషలో ఉంటే దాని గమనిక కూడా ఆ భాషలోనే ఉండాలని వాటిలోనే ఉంది. అది చదివినప్పుడు నా పుట అట్టడుగున సన్నగా పడి ఉన్న ఇంగ్లీషు వాక్యం గుర్తుకొచ్చింది. కన్నీళ్ళు తెప్పించే భాగమంతా తెలుగులో, కమీషను సంగతి ఒక్కటీ ఇంగ్లీషులో! తెలుగు పండితుడు చేసిన భాషాసేవ ఇది.

ఇప్పుడు మన మిత్రుల్లో కొందరు తమ రాతలకు ఇలాంటి లంకెలు తగిలిస్తున్నారు. కొందరు ప్రకటనలకు కూడా దిగాలని ఆలోచిస్తున్నారని విన్నాను. వద్దనడానికి నేనెవణ్ణి? ఇన్నేళ్ళ శ్రమకు నాలుగు రూపాయలు కోరుకోవడం తప్పు కాదు. ఒక్క మనవి మాత్రం. వాడి చూసినదాని గురించే రాయండి. కమీషను సంగతి మొదటి పేరాలో, తెలుగులో, పెద్ద అక్షరాలలో చెప్పండి. ఇక పాఠకుణ్ణి కొని తెచ్చుకునే ముందు ఈ చిన్న పరీక్ష చేసుకోండి. మీ పుటలో 'ఇది మీకు అక్కరలేదేమో' అన్న వాక్యం ఒకటి చేర్చి, ఆ తరువాత కూడా ప్రకటన ఖర్చు గిట్టుబాటవుతుందేమో లెక్క వేయండి. గిట్టుబాటైతే నిక్షేపంగా చేయండి. కాకపోతే, మీరు అమ్ముతున్నది సరుకు కాదు, ఇన్నాళ్ళుగా మీ పేరు చూసి వచ్చినవారి నమ్మకం.

లేఖినిలో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాయడం నేర్చుకున్న రోజుల్లో నాకు పదిమంది పాఠకులుండేవారు. ఆ పదిమందినీ నేను కొనలేదు. అందుకే ద్విత్వాక్షరం దగ్గర నుంచి అభిప్రాయం దాకా నేనేది తప్పు రాసినా, తప్పని మొహమాటం లేకుండా చెప్పేవారు. నేనూ దిద్దుకునేవాణ్ణి. ఆ 1,200 మందిలో ఒక్కరూ అలా చెప్పలేదు, వారికి ఆ బాధ్యత లేదు. చెప్పినాయన కూడా తప్పు తన చెవిదే అనుకున్నారు.

యంత్రం ఖరీదు 2,500 ఆయన చేతిలో పెట్టబోతే పుచ్చుకోలేదు. "మీరేం చేస్తారండీ పాపం, మీరూ ఎవరో చెబితేనే రాసి ఉంటారు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు సరైన యంత్రం పెట్టుకున్నారు. మనవరాలి మాటలు వినబడుతున్నాయట. మొన్న ఫోను చేసి, ఈమధ్య ఏమీ రాయడం లేదేమని అడిగారు. అందుకే ఈ టపా.

స్వస్తి.